లెక్కో కొండలపై మా నడక

మా జీవితమంతయు లెక్కలతో గడచినది. బరంపురములో ఒక కార్యాలయమున గుమాస్తాగా చేరి, చిట్టాలును ఆవర్జాలును వ్రాయుచు తల నెరసి, 2018లో విశ్రాంతి పొందితిమి. అట్టి మాకు ఉద్యోగవిరమణానంతరము లభించిన దేశాటనము కూడ ‘లెక్కో’ అను ఊరికే అగుట చూచి మిత్రులు నవ్విరి. ఈ లెక్కో ఇటలీ దేశపు ఉత్తరభాగమున, లొంబార్డీ మండలములో నున్నది. మా రెండవ కుమారు డచ్చట నొక యంత్రకర్మాగారమున ఇంజనీరు. వాని పిలుపుపై మా గృహిణితో కూడ 2023 మే నెలలో వెళ్ళి, ఎనుబది దినములకు పైగా ఉండి వచ్చితిమి. తొంబది దినములకు మించి అతిథిని ఉండనీయరాదని ఆ దేశముల నియమము.

సంఘము వారు ఈ సంచికకు ఇటలీ యాత్రను గూర్చి వ్రాయుమన్నప్పుడు, రోము నగరమును, వెనిస్ కాలువలను వర్ణింతుమని తలచియుందురు. వానిని గూర్చి వ్రాసినవారు వేలమంది కలరు. మేము మిలాను దేవాలయమును ఒక పగలు చూచితిమి. తక్కిన వారాంతములన్నియు కొండలెక్కుటకే సరిపోయెను. కావున కొండల మాటయే వ్రాసెదము.

కోమో సరస్సు దక్షిణమున రెండు పాయలుగా చీలును. పడమటి పాయ చివర కోమో పట్టణము, తూర్పు పాయ చివర లెక్కో. ఆద్దా నది సరస్సును విడిచి దిగువకు సాగునది ఇచ్చటనే. అది పోయి పో మహానదిలో కలియును. సరస్సు నీటిమట్టము సముద్రమునకు సుమారు 198 మీటర్ల ఎత్తున నున్నది. ఆ నీటి అంచునుండియే కొండలు గోడలవలె లేచును. ఉత్తరమున 2,410 మీటర్ల గ్రిన్యా, తూర్పున 1,875 మీటర్ల రెసెగోనె, నైరృతి దిక్కున 922 మీటర్ల బార్రో. ఇవి ఆల్ప్స్ పర్వతముల వాకిలి మెట్లు మాత్రమే. మంచుశిఖరములు వీని వెనుక నున్నవి. మన మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. వయసులో నున్నప్పుడు శివరాత్రికి రెండు పర్యాయములు దాని నెక్కినవారమగుటచే, పై అంకెలు చూచి మేము బెదరలేదు. మా గృహిణి మాత్రము “తారాతారిణి మెట్లు తొమ్మిదివందల తొంబదితొమ్మిదీ ఎక్కినదాన్ని, నన్నెందుకు ఇంట్లో కూర్చోబెడతారు?” అని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కోడలు కొనియిచ్చిన బరువైన జోళ్ళు తొడిగి ముందు నడచెను.

ఆ దేశమున కొండనడకకు గల ఏర్పాటు గుమాస్తా కంటికి పండుగ. ప్రతి కాలిబాటకును ఒక సంఖ్య యున్నది. చెట్ల మానులపైనను, బండలపైనను తెలుపు ఎరుపు చారలు పూయుదురు. దారులు చీలినచోట కఱ్ఱస్తంభమునకు బాణపుగుర్తు పలకలు తగిలింతురు. ఆ పలకలపై ఇన్ని కిలోమీటర్లని యుండదు. ఇన్ని గంటల నడక యని యుండును. మొదట ఇది మాకు వింతగా తోచెను. ఎక్కిన పిమ్మట సబబు తెలిసినది. నిటారు దారిలో మైలు కొలత ఎవనికి పనికివచ్చును? సామాన్యుడు గంటకు మూడువందలు మొదలు మూడువందలయేబది మీటర్ల ఎత్తు ఎక్కునని వారి లెక్క. మేము బయలుదేరిన వేళ, చేరిన వేళ జేబుపుస్తకమున వ్రాసికొని సరిచూడగా, పలక చెప్పిన గంటకు మాకు ఇరువది నిమిషము లెక్కువ పట్టుచుండెను. అరువది దాటినవారికి అది చిన్న లోటే.

బాటలకు శ్రేణులు కూడ కలవు. ‘టి’ యన్నది విహారికి, ‘ఇ’ యన్నది నడక అలవడినవానికి, ‘ఇ ఇ’ యన్నది అనుభవశాలికి. ఆ పైది త్రాళ్ళు, ఇనుపకొక్కెములు గలవారి పని. మేము మొదటి రెండు శ్రేణులలోనే నిలిచితిమి. పదోన్నతికి దరఖాస్తు పెట్టలేదు.

ఈ సంఖ్యలును, చారలును, కొండలపైని అనేక విశ్రాంతిగృహములును కనిపెట్టి చూచునది ‘క్లబ్ ఆల్పీనో ఇటాలియానో’ అను సంఘము. దీనిని 1863లో తూరిన్ పట్టణమున స్థాపించిరి. దానికి మూలపురుషుడు క్వింటీనో సెల్లా; ఇటలీ దేశమునకు ఆర్థికమంత్రిగా పనిచేసినవాడు. ఆ సంవత్సరము ఆగస్టులో ఆయన 3,841 మీటర్ల మోన్‌వీసో శిఖరమెక్కి, దిగివచ్చి, తన దేశస్థులకు ఒక పర్వతసంఘ ముండవలెనని ఉత్తరము వ్రాసెనట. ఖజానా లెక్కలు చూచు మంత్రి కొండ లెక్కుట మాకు మిక్కిలి నచ్చినది.

1863 అను అంకె వినగానే మాకు మరియొక పుట్టుక జ్ఞప్తికి వచ్చెను. గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మించినదియు ఆ ఏటి ఆగస్టులోనే. ఆయన 1880లో పర్లాకిమిడి చేరి ఉపాధ్యాయుడై, మహేంద్రగిరి ప్రాంతపు సవరల భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిన సంగతి మన ప్రాంతపువారికి కొత్త కాదు. 1936లో ఒడిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరినప్పుడు, ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము పోయెను. మా తాతగారు బరంపురము విడువలేదు. “రాత్రి మద్రాసు రాజధానిలో పడుకొని పొద్దున ఒడిస్సాలో లేచితిని” అని చెప్పుకొని నవ్వెడివారు. పోయినవారి త్రోవ సరియో, నిలిచినవారి త్రోవ సరియో యని మన యిండ్ల అరుగులపై నేటికిని వాదము తెగలేదు. అది యటుండనిండు.

ముందుగా బార్రో కొండ. గల్బియాతె అను ఊరినుండి ఎక్కితిమి. నడిమి యెత్తున ‘ఎరెమో’ యను పాత సన్న్యాసిమఠపు భవన మున్నది. అందొక చిన్న వస్తుప్రదర్శనశాల. దానికి చేరువను త్రవ్వకములలో క్రీస్తుశకము అయిదారు శతాబ్దుల నాటి ఓస్త్రోగోతుల నివాసముల పునాదులు బయటపడినవి. రోమక సామ్రాజ్యము కూలినప్పుడు ఉత్తరమునుండి వచ్చి, ఇటలీ నేలి, అచ్చటనే కలిసిపోయిన జాతి అది. వారి గోడలున్నవి, కుండపెంకులున్నవి; వారి మాట ఆ గడ్డపై ఎవని నోటను లేదు. ఆ పునాదిరాళ్ళ మధ్య మేము కొంచె మెక్కువసేపు నిలువబడుట చూచి మా కుమారుడు “ఎండెక్కుతుంది నాన్నగారూ, పదండి” అనెను.

ఈ కొండలు సున్నపురాతి జాతివి. వాన నీటిని పగుళ్ళలోనికి త్రాగివేయును గనుక పైన ఊటలు అరుదు. త్రాగునీరు దిగువనుండి మోసికొని పోవలయును. గడ్డిలో పిడుజులు, అందందు రక్తపింజరి జాతి పాములును కలవు. కావున కాళ్ళు కప్పు బట్ట యుండవలయును. క్రింది భాగమున చెస్ట్‌నట్ చెట్లు మెండు. వాని కాయల పిండియే పూర్వము బీదలకు కూడు. పక్షులను వలపన్ని పట్టుటకు నాటిన వర్తులాకారపు తోపొకటి బార్రోపై నేటికిని ఉన్నది. ఇప్పుడు పట్టినవానిని వండుకొనరు. కాలికి చిన్న ఉంగరము తొడిగి, తూచి, వ్రాసికొని వదలివేయుదురు. వలసపోవు పిట్టల చిట్టా యన్నమాట.

మాతో వచ్చినవారిలో ఒకరిని గూర్చి చెప్పవలయును. మా కుమారుని పొరుగింటి వృద్ధుడు, మాకన్న పదేండ్లు పెద్ద. ఇనుపతీగ లాగు కర్మాగారమున పనిచేసి విశ్రాంతి పొందినవాడు. లెక్కో అనాదిగా ఇనుపపనికి పేరొందిన ఊరు. ఆయనకు ఆంగ్లము రాదు. మాకు ఇటాలియను రాదు. మా మనుమరాలికి పదేండ్లు. మూడవయేట అచ్చటికి పోయినది గనుక చదువు, ఆట, పోట్లాట సమస్తము ఇటాలియనుననే. ఇంట మేము తెలుగున పలుకరించిన, బదులు ఆ భాషలోనే వచ్చుచుండెను. అర్థమగును, కాని నోరు తిరుగదు. కోడలు సిగ్గుపడెను, కొడుకు “స్కూలు అలాంటిది, ఏం చేస్తాం” అని ఊరకుండెను. మన యిండ్లలో ఒరియాతోడను, ఆంగ్లముతోడను జరుగుచున్నదే అది. వానిని తప్పుపట్టు ముఖము మాకు లేదు.

బార్రో శిఖరముపై ఆ పిల్ల దుబాసీ యగుట తప్పలేదు. వృద్ధుడు చేయిచాచి చూపుచు చెప్పుచుండెను. చెప్పినదెల్ల మాకు చేరవలెనన్న ఆ పిల్ల నోటనే రావలయును. కుమారుడు నీళ్ళసీసాలకై వెనుకబడియుండెను. క్రింద నాలుగైదు సరస్సులు అద్దపుపెంకులవలె మెఱయుచుండెను. దక్షిణమున మిలాను వైపు మైదానము పొగలో కలిసెను. మరియొక దిక్కున జంటశిఖరముల కొండ యొకటి. దాని పేరు ‘కోర్ని ది కాన్జో’. “కొమ్ములు తాతయ్యా, ఆవుకి ఉంటాయే, అవి” అని పిల్ల చెప్పెను. మన భాషయందును కొండకొమ్ము అందుమని మేము చెప్పగా, ఆమె కన్నులు పెద్దవిచేసి ఆ మాటను వృద్ధునకు ఇటాలియనున చేరవేసెను. ఆయన చప్పట్లు కొట్టెను.

పిమ్మట ‘బొక్కా’ వచ్చెను. “ఇది నోరు” అని పిల్ల అనువదించెను. కొండకు నోరేమి? ఆమె రెండు చేతులు ఎత్తి నడుమ సందు చూపెను. రెండు శిఖరముల మధ్య దాటుచోటు; కనుమ. “కనుమ అంటే సంక్రాంతి మర్నాడు కదా?” అనెను. అదియు కనుమయే, ఇదియు కనుమయే యని చెప్పితిమి. ఇట్లు ఏటవాలు, లోయ, చరియ, గవి యను మాటలు ఒక పగటిలో ఆమె నోట పడినవి. అంతవరకు ఆ పిల్లకు తెలుగు తాతమామ్మల తృప్తికై పలుకవలసిన పాఠము. ఆ పూట అది లేక పని జరుగదు.

ఇంకొక చిత్రము. రెసెగోనె వైపు చూపుచు వృద్ధు డేదో చెప్పెను. పిల్ల నిలిచిపోయెను. “తాతయ్యా! ఈయన అంటున్నది ఇటాలియన్ కాదు. నాకు రాదు” అనెను. అది లొంబార్డు మాట. ఆ ప్రాంతపు పాత ఇంటిభాష. ఇటాలియనున రంపమునకు ‘సేగా’ యని పేరు, లొంబార్డున ‘రెసెగా’. పండ్లు పండ్లుగా లేచిన ఆ శిఖరపంక్తి పెద్ద రంపమును పోలును గనుక ఆ పేరు వచ్చినది. వృద్ధు డింటిలో పెరిగినది ఆ భాషతోనట. కొడుకునకు అర్థమగును, పలుకడు. మనుమలకు అర్థమే కాదు. పిల్ల ఇది యంతయు తడుముకొనుచు తెలుగున చెప్పినది. ఆయనయు మేమును ఒకరి నొకరు చూచుకొంటిమి. ఆయన కాలికింద నున్నది స్వగ్రామము, స్వదేశము. వలసపోలేదు, ఎల్ల మారలేదు. అయినను ఇంటి మాట మూడవ తరమునకు తప్పిపోయినది. దూరదేశము పోవుటచేతనే భాష పోవునని మేము అంతవరకు నమ్మియుంటిమి.

లెక్కోవారికి భాషను గూర్చిన పెద్దమనిషి యొకడు కలడు. అలెస్సాంద్రో మంజోనీ తన నవలను ఈ సరస్సు, ఈ రంపపుకొండ వర్ణనతోనే ప్రారంభించెను. 1827లో అచ్చయిన దానితో తృప్తిపడక, ఫ్లోరెన్సు నగరములో చదువుకొన్నవారు నిజముగా మాటలాడు భాషలోనికి దానిని తిరుగవ్రాసి, 1840 మొదలు 1842 వరకు మరల ప్రకటించెను. నేటి ఇటాలియను వచనమునకు ఆ పుస్తకము ఒరవడి. మాటలాడు భాషయే వ్రాతకు తగునన్న పంతమున ఆయనయు గిడుగువారును ఒక త్రోవవారు. అందు మా కింకొకటి తోచినది. మంజోనీ బాల్యమున కొంతకాలము గడచినది లెక్కోలోనే. ఎన్నుకొన్నది మాత్రము ఫ్లోరెన్సు మాట. లెక్కో మాట వ్రాతకెక్కక ముసలివారి నోటనే మిగిలినది. గ్రాంథికమున వ్రాయుచు గిడుగువారిని స్మరించుట చూచి నవ్వువారు నవ్వవచ్చును. మా పంతులుగారు దిద్దించిన చేయి ఇట్లే నడచును.

రెసెగోనెకు జూన్ చివర పోయితిమి. వేసవిలో మధ్యాహ్నము దాటిన పిమ్మట ఆ కొండలలో ఉరుములు మెరుపులు సామాన్యము. కావున తెల్లవారుజామున కదలవలయును. పియానీ దెర్నా యను పచ్చికబయలువరకు తీగబండి యున్నది; సుమారు ఏడువందల మీటర్ల ఎత్తును కొలది నిమిషములలో దాటించును. మా గృహిణి మోకాళ్ళ పోటుచేత కోడలితో అచ్చట ఆగెను. మేము, కుమారుడు, పిల్ల, వృద్ధుడు ముందుకు సాగితిమి. మొదట నీడ గల అడవి. ఆ పైన తెల్లని రాతిగుట్టలు. కడపటి భాగమున అక్కడక్కడ చేతులూని ఎక్కవలసివచ్చెను. ఎదురుపడిన ప్రతివాడును పలుకరించును. దిగువాడు నిలిచి, ఎక్కువానికి త్రోవ యిచ్చును. నగరపు వీథిలో కన్నెత్తి చూడని మనుష్యులే వీరు.

ఊపిరి తీసికొన కూర్చున్నప్పుడు వృద్ధుడు రిక్కార్దో కస్సీన్ మాట చెప్పెను. ఇతడు బాల్యముననే కమ్మరపనిలో చేరి, పిమ్మట లెక్కోకు వచ్చి, ఈ కొండలపై రాతినెక్కుట నేర్చి, జగత్ప్రసిద్ధు డయ్యెను. 1954 జూలై 31న కారకోరములోని కె-2 శిఖరమును మొదట నెక్కినది ఇటలీవారు; ఆ దండులో కస్సీనును చేర్చుకొనలేదు. ఆ కొరత లెక్కోవారికి నేటికిని ఆరలేదు. 1958లో నాలుగవ గాషెర్‌బ్రుమ్ శిఖరమునకు పోయిన దండునకు ఆయనయే నాయకుడు. పైకెక్కిన ఇద్దరిలో కార్లో మౌరీ లెక్కోవాడు. కస్సీను నూరేండ్లు జీవించి 2009లో గతించెను. ఈ కథను పిల్ల చక్కని తెలుగున, నడుమ నడుమ ‘అంటే’ చేర్చుచు చెప్పినది.

ఆపత్సంకేతమును కూడ వృద్ధుడు ఆమెకు నేర్పెను: నిమిషమునకు ఆరు పర్యాయములు ఈలగాని దీపముగాని, ఒక నిమిషము విరామము, మరల ఆరు. విన్నవారు నిమిషమునకు మూడు పర్యాయములు బదులీయవలయును. ఆ దేశపు పర్వతరక్షణదళమును కూడ 1954లోనే స్థాపించిరి.

శిఖరమున పెద్ద ఇనుపశిలువ. దానికి దిగువ విశ్రాంతిగృహము. ఉత్తరమున మంచుకొండలు దంతపు వరుసవలె నిలిచెను. తూర్పున బెర్గామో సీమ లోయలు. ఈ వెన్నుననే మిలాను రాజ్యమునకును వెనిస్ రాజ్యమునకును ఎల్ల యుండెను. 1797లో వెనిస్ రాజ్యము పడిపోవువరకు ఇటు ఒక ప్రభుత్వము, అటు ఒక ప్రభుత్వము. మంజోనీ కథానాయకుడు ప్రాణభీతితో ఆద్దా నది దాటిపోవునది ఆ వెనిస్ వారి గడ్డకే. ఎల్లకు ఇరుప్రక్కలను లొంబార్డు మాటయేనట; పలుకుబడి కొంత తేడా. అచ్చట నిలువబడి మేము ఇచ్ఛాపురమును తలచుకొంటిమి.

విశ్రాంతిగృహమున మొక్కజొన్న సంకటి పెట్టిరి, ‘పొలెంతా’ యందురు. కరగిన జున్నుతో తినవలయును. నంజుడుగా మా గృహిణి కట్టియిచ్చిన మజ్జిగమిరపకాయలు తీసితిమి. వృద్ధుడు ఒకటి కొరికి, చాలసేపు మాటలేక యుండి, రెండవది అడిగెను.

సందర్శకుల పుస్తక మొకటి బల్లపై నుండెను. మేము పేరు, ఊరు తెలుగున వ్రాసితిమి. దాని క్రింద పిల్ల తన పేరు ఇటాలియను లిపిలో వ్రాసి, కలము మూయబోయి, “తాతయ్యా, నా పేరులో మొదటి అక్షరానికి తలకట్టు ఉందా?” అని అడిగెను. చెప్పితిమి. రెండవ వరుసలో తెలుగున వ్రాసెను. అక్షరములు వంకరలే. వెనుక జనులు వేచియుండుటచే దిద్దుటకు వ్యవధి లేకపోయెను.

ఆగస్టు రాకముందే బరంపురము చేరితిమి. అది మొదలు ఆదివారములందు దూరవాణిలో పిల్ల పిలుచుచున్నది. క్షేమసమాచారమునకు కాదు, మాటకై. వృద్ధునితో ఏ కొండకో పోవుట, అచ్చట చూచినదానికి తెలుగుపేరు అడుగుట వాడుకయైనది. పుట్టగొడుగు, నాచు, తొఱ్ఱ, మొగ్గ యనునవి సులువుగనే పోయినవి. చలికాలమున చిక్కు వచ్చెను. ఆకాశమునుండి రాలునది మంచే, సరస్సుపై క్రమ్మునది మంచే, తెల్లవారి గడ్డిపై నుండునదియు మంచే యన్నచో ఆమె ఒప్పలేదు. ఆ భాషలో వేరువేరు మాటలు కలవట. క్రమ్ముదానికి పొగమంచు అని మా గృహిణి ఇచ్చెను. గడ్డిపరకపై ఉప్పువలె పేరుకొని, గోటితో గీకిన పొడిగా రాలుదానికి మాత్రము ఇంతవరకు ఇయ్యలేకపోతిమి. హిమము, తుహినము, నీహారము అను సంస్కృతపదములు కలవు. అవి పదేండ్ల పిల్ల కొండపై కేకవేసి చెప్పు మాటలు కావు. మహేంద్రగిరి ప్రక్కను గాని, అరకు వైపున గాని, నీలగిరులలో గాని కాపురముండి, పుష్యమాసపు ఉదయమున అట్టిదానిని చూచి, ఇంటిలో ఒక పేరు పెట్టి పిలుచు తెలుగువారెవరైన ఈ సంచిక చదువుచున్నచో, సంఘము చిరునామాకు ఒక కార్డు వ్రాయ ప్రార్థన.